రూట్ కెనాల్‌లో కాంతితో క్రిముల నిర్మూలన: రంగు మందు ఎక్కించడం నుంచి సీల్ వేసేదాకా

రూట్ కెనాల్ చికిత్స నిలబడుతుందా లేదా అన్నది చివరికి క్రిముల దగ్గరే తేలుతుంది. 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే పరిశోధకులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి పల్ప్‌ని (పంటి లోపల నరాలూ రక్తనాళాలూ ఉండే మెత్తని భాగాన్ని) బయటపెట్టి వదిలేశారు. క్రిములే లేని వాతావరణంలో పెరిగిన ఎలుకల్లో, ఆ రంధ్రంలో తిండి ఇరుక్కున్నా సరే, పల్ప్ బతికే ఉంది. పైగా రంధ్రాన్ని కప్పేస్తూ కొత్త డెంటిన్ (పల్ప్ చుట్టూ ఉండే గట్టి పొర) పెరిగింది. మామూలు ఎలుకల్లో మాత్రం పల్ప్ చచ్చిపోయి వేరు కొన దగ్గర చీము పట్టింది. గాయం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా క్రిములదే.

కాబట్టి మన పనంతా పంటి వేరు లోపలి కాలువలో క్రిముల్ని వీలైనంత తగ్గించి, మళ్లీ చేరకుండా మూసేయడమే. కష్టం కూడా ఇక్కడే ఉంది. కాలువని గీకి శుభ్రం చేసే సన్నటి ఫైలుని ఎంత బాగా తిప్పినా అది కాలువ గోడ మొత్తాన్నీ తాకదు. 2001లో మైక్రో సీటీ స్కాన్‌తో చేసిన ఒక అధ్యయనంలో, ఏ రకం ఫైళ్లు వాడినా గోడల్లో 35 శాతం లేదా అంతకంటే ఎక్కువ భాగం చెక్కుచెదరకుండా మిగిలిపోయింది. అండాకారపు కాలువల అంచులు, రెండు కాలువల మధ్య సన్నటి ఇస్త్మస్, పక్క కాలువలు ఇవన్నీ ఫైలుకి అందని చోట్లు. డెంటిన్‌లో పల్ప్ వైపు నాళికలు 2 మైక్రోమీటర్ల దాకా వెడల్పుంటాయి. చాలా బాక్టీరియా వెడల్పు 1 మైక్రోమీటర్ కంటే తక్కువే. అంటే అవి ఆ నాళికల్లోకి హాయిగా దూరిపోగలవు. ఒకసారి చికిత్స చేసినా మళ్లీ చీము పట్టిన పళ్లలో తరచూ దొరికే ఎంటరోకోకస్ ఫీకాలిస్ ఇలా దాక్కోవడంలో ఆరితేరింది.

కాలువని కడిగే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ఇప్పటికీ మన ప్రధాన ఆయుధం. దాని తర్వాత ఇంకో అంచెగా వచ్చిందే ఈ కాంతి పద్ధతి: రంగు మందు ఎక్కించి, దానికి సరిపోయే కాంతి వేసి క్రిముల్ని చంపడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది శుభ్రం చేయడానికి బదులుగా వాడేది కాదు, శుభ్రం చేశాక వాడేది. స్విచ్ నొక్కే ముందు జరిగే పనిలో తప్పు ఉంటే, ఎంత ఖరీదైన లేజర్ అయినా ఎర్రగా వెలిగి ఆరిపోవడం తప్ప చేసేదేమీ ఉండదు. అందుకే కాంతి కంటే దాని ముందూ వెనకా అడుగుల గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. చదివేవారు దంత వైద్యులు, పీజీ విద్యార్థులు అనుకుని రాస్తున్నాను. మీ పరికరంతో వచ్చే తయారీదారు సూచనలకూ ఇక్కడి అంకెలకూ తేడా కనిపిస్తే ఆ సూచనలనే పాటించండి.

ఇది పనిచేసే తీరు

1900లో మ్యూనిక్‌లో ఆస్కర్ రాబ్ అనే విద్యార్థి అక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో పారమీషియం కణాల్ని పెట్టి చూస్తుండగా, వెలుతురు పడినప్పుడు అవి త్వరగా చస్తున్నాయనీ, చీకట్లో పెడితే ఎక్కువసేపు బతుకుతున్నాయనీ గమనించాడు. రంగు ఒక్కటే చంపలేదు, వెలుతురు ఒక్కటే చంపలేదు. రెండూ కలిశాకే చావు. ఆయన గురువు ఫాన్ టాపైనర్ తర్వాత ఇందులో ఆక్సిజన్ పాత్ర కూడా ఉందని తేల్చాడు. ఫోటోడైనమిక్ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది.

రంగు అణువు తనకు సరిపడే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని పీల్చుకుని ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఆ శక్తిని పక్కనే ఉన్న ఆక్సిజన్‌కి అందిస్తే అది సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారుతుంది. ఎలక్ట్రాన్లు చేతులు మారితే సూపర్ ఆక్సైడ్, హైడ్రాక్సిల్ లాంటి రాడికల్స్ పుడతాయి. ఇవి బాక్టీరియా పొరని, ప్రొటీన్లని, డీఎన్ఏని ఒకేసారి దెబ్బతీస్తాయి. దెబ్బ ఒక్కచోట కాకుండా అనేక చోట్ల పడుతుంది కాబట్టి యాంటీబయాటిక్‌కి లొంగని క్రిములు కూడా దీనికి లొంగుతాయి. బ్రెజిల్‌లో గార్సెజ్ బృందం 2010లో ప్రచురించిన ప్రాథమిక అధ్యయనం సరిగ్గా అలాంటి నిరోధక క్రిములున్న పళ్లమీదే జరిగింది. మామూలు చికిత్సకి ఈ కాంతి పద్ధతిని జోడించినప్పుడు క్రిములు మరింత తగ్గాయని వాళ్లు చూపించారు.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. సింగ్లెట్ ఆక్సిజన్ నీళ్లలో బతికేది కొన్ని మైక్రోసెకన్లే. కణం లోపలైతే ఇంకా తక్కువ. ఆ కాస్త సమయంలో అది ఒక బాక్టీరియా వెడల్పంత దూరం కూడా పోలేదు. కాబట్టి రంగు మందు కాలువలో ఉంటే చాలదు, క్రిమికి అంటుకుని ఉండాలి. కింద రాబోయే అడుగులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

రెండు పొరపాటు అభిప్రాయాలు కూడా ఇక్కడే తొలగించుకుందాం. 810, 940, 980 నానోమీటర్ల డయోడ్ లేజర్‌ని వాట్లలో శక్తి పెట్టి కాలువలో తిప్పడం వేరే పద్ధతి, అది వేడితో పనిచేస్తుంది. అర్బియం లేజర్‌తో ద్రావణాన్ని కుదిపి కడగడం ఇంకో పద్ధతి, అది యాంత్రికమైన పని. మనం మాట్లాడుకుంటున్నది 100 మిల్లీవాట్ల దగ్గర్లో ఉండే మంద కాంతి. దీంతో వేరు బయట వేడి పెరిగి ఎముక దెబ్బతినే భయం దాదాపు ఉండదు.

ఏ కేసుకి వాడాలి

పల్ప్ చచ్చిపోయి, ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నల్లటి నీడ ఉన్న పళ్లు, పాత చికిత్స విఫలమై మళ్లీ చేస్తున్నవి, ఎంత కడిగినా కాలువలోంచి ఊట ఆగనివి. వీటిలో ఇది వాడదగ్గ అంచె. పల్ప్ బతికే ఉండి వాచిన కేసుల్లో కాలువ లోతుల్లో ఇన్ఫెక్షన్ పెద్దగా ఉండదు. అక్కడ రబ్బర్ డ్యామ్ (పన్నుని ఉమ్ము నుంచి వేరు చేసే రబ్బరు తెర) సరిగ్గా కట్టి, శుభ్రంగా పనిచేసి, మంచి సీల్ వేయడమే ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

ఆధారాల గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ప్రయోగశాలలో ఫలితాలు బలంగా ఉన్నాయి. రోగుల మీద చేసిన అధ్యయనాల్లో క్రిముల సంఖ్య తగ్గడం కనిపిస్తోంది గానీ, రంగు, గాఢత, కాంతి మోతాదు ఒక్కో చోట ఒక్కోలా ఉండటంతో వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం కష్టం. ఎముక మానడంలో ఏళ్ల తర్వాత ఎంత తేడా వస్తుందన్నది ఇంకా గట్టిగా తేలలేదు. రోగికి చెప్పేటప్పుడు 'లేజర్‌తో నూటికి నూరు శాతం' లాంటి మాటలు వద్దు.

అడుగు 1: మందు పెట్టే ముందు అడగాల్సినవి

మిథిలిన్ బ్లూ వాడబోతుంటే మూడు ప్రశ్నలు తప్పక అడగండి. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉందా? డిప్రెషన్‌కి ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు వాడుతున్నారా? గర్భవతా? మొదటి సందర్భంలో ఈ రంగు ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టవచ్చు. రెండో సందర్భంలో సెరటోనిన్ పెరిగిపోయి ప్రమాదం రావచ్చు. వీటితో పాటు పోర్ఫీరియా (కొన్ని రకాల్లో చర్మం వెలుతురుని తట్టుకోలేని జబ్బు), రంగు పదార్థాల అలర్జీ గురించి కూడా కనుక్కోండి.

ఈ హెచ్చరికలు రక్తనాళంలోకి ఎక్కించే మోతాదుల అనుభవం నుంచి వచ్చినవి. కాలువలో మనం పెట్టేది ఎంతో లెక్క వేస్తే టెన్షన్ కాస్త తగ్గుతుంది. 15 మిల్లీమీటర్ల పొడవు, సగటున 0.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న కాలువలో పట్టేది సుమారు 4 మైక్రోలీటర్లు. 0.01 శాతం ద్రావణంతో నింపితే అందులో ఉండే మిథిలిన్ బ్లూ 0.4 మైక్రోగ్రాములు. రక్తనాళంలోకి ఇచ్చే మోతాదు కిలో బరువుకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు. తేడా లక్ష రెట్లు దాటుతుంది. అయినా అడగడం మానొద్దు. జీ6పీడీ లోపం ఉందని తెలిసిన రోగికి ఈ రంగు లేకుండానే మంచి చికిత్స చేయొచ్చు కదా.

అడుగు 2: రంగుకి తగ్గ కాంతి

మిథిలిన్ బ్లూ ఎక్కువగా పీల్చుకునేది 660 నానోమీటర్ల దగ్గరి ఎర్ర కాంతిని. టొలోనియం క్లోరైడ్ అని కూడా పిలిచే టొలూడిన్ బ్లూకి 630 నుంచి 635 దాకా. ఇండోసయనిన్ గ్రీన్‌కి 810 దగ్గరి పరారుణ కాంతి. కర్క్యుమిన్‌కి 420 నుంచి 470 దాకా నీలి కాంతి.

ఫిల్లింగులు గట్టిపరిచే క్యూరింగ్ లైట్‌ని మిథిలిన్ బ్లూ మీద వేయడం చాలాచోట్ల చూస్తుంటాం. ఆ లైటు ఇచ్చేది 450 నుంచి 470 నానోమీటర్ల నీలి కాంతి. మిథిలిన్ బ్లూ నీలంగా కనిపించడానికి కారణమే అది నీలి కాంతిని పీల్చుకోకుండా వదిలేయడం. ఆ జోడీతో దాదాపు ఏమీ జరగదు. క్యూరింగ్ లైట్ తరంగదైర్ఘ్యానికి సరిపోయేది కర్క్యుమిన్, రైబోఫ్లేవిన్ లాంటివి. ఆ కాంతి వేరు కొనదాకా చేరడం మాత్రం వేరే సమస్య.

ఎక్కువ ఆధారాలున్నవి మిథిలిన్ బ్లూ, టొలూడిన్ బ్లూ. రెండూ ధనావేశం ఉన్న రంగులు, బాక్టీరియా పై పొర ఋణావేశం. అందుకే తేలిగ్గా అతుక్కుంటాయి. గ్రామ్ నెగెటివ్ క్రిములకి బయట అదనపు పొర ఉంటుంది, ఆవేశం లేని రంగులు దాన్ని దాటలేవు. వీటికి ఆ ఇబ్బంది తక్కువ.

గాఢత విషయంలో 'చిక్కగా ఉంటే గట్టిగా పనిచేస్తుంది' అనుకోవద్దు. ఎక్కువగా వాడేది 0.005 నుంచి 0.01 శాతం, అంటే మిల్లీలీటరుకి 50 నుంచి 100 మైక్రోగ్రాములు. అంతకంటే చాలా చిక్కగా ఉంటే రెండు నష్టాలు. పైపొరలో ఉన్న రంగే కాంతినంతా మింగేసి లోపలికి పోనివ్వదు. పైగా మిథిలిన్ బ్లూ అణువులు జంటలుగా అతుక్కుని, పీల్చుకునే తరంగదైర్ఘ్యం 660 నుంచి 610 వైపు జరిగిపోతుంది. లేజర్ ఒకచోట, రంగు ఇంకోచోట ఉన్నట్టే. స్లైడ్లకి రంగు వేసే లాబ్ సీసాలోది వాడకండి, కాలువలో వాడటానికి తయారైన క్రిమిరహిత ద్రావణమే వాడండి.

అడుగు 3: పన్నుని వేరు చేసి, కాలువని సిద్ధం చేయడం

రబ్బర్ డ్యామ్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఉమ్ము లోపలికి వస్తే క్రిములు కొత్తగా వస్తాయి. పైగా ఉమ్ములోని ప్రొటీన్లు రంగుని పట్టేసుకుంటాయి. గోడ విరిగిన పన్నైతే ముందు దాన్ని కట్టుకోండి, డ్యామ్‌ని పట్టి ఉంచే క్లాంప్ నిలవాలి.

వర్కింగ్ లెంగ్త్‌ని, అంటే కాలువలో పనిచేయాల్సిన పొడవుని, అపెక్స్ లొకేటర్ అనే కొలిచే పరికరంతో చూసి, ఎక్స్‌రేతో సరిచూసుకోండి. కొన దగ్గర కనీసం 30 సైజు దాకా తీయగలిగితే మంచిది. 200 మైక్రోమీటర్ల ఫైబర్ అంటే 20 సైజు ఫైలు కొనంత. 30 గేజ్ సూది బయటి వెడల్పు దాదాపు 0.3 మిల్లీమీటర్లు. ఇవి రెండూ స్వేచ్ఛగా కదలకపోతే రంగు కొనకి చేరదు, కాంతీ చేరదు. వంపు ఎక్కువున్న కాలువలో ఎక్కువ తీసి వేరుని బలహీనపరచడం మాత్రం వద్దు. కాంతి కోసం డెంటిన్‌ని బలి ఇవ్వకూడదు.

పని పొడవునా 2.5 నుంచి 5 శాతం సోడియం హైపోక్లోరైట్‌తో ఎప్పటిలాగే ధారాళంగా కడగండి. చచ్చిన పల్ప్ ముక్కలు కరిగిపోవాలి. పల్ప్ ముక్కలు, చీము, రక్తం మిగిలితే రంగులో ఎక్కువ భాగం వాటికే అంటుకుంటుంది. రక్తం కాంతిని కూడా తినేస్తుంది. ఊట ఆగని కాలువైతే ఆ రోజు కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి పంపించి, కాంతి పని తర్వాతి సిట్టింగ్‌కి ఉంచుకోవడమే మేలు.

అడుగు 4: చివరి కడుగుడు, అన్నిటికన్నా ముఖ్యమైనది

ఫైళ్లు తిప్పినప్పుడు గోడమీద స్మియర్ లేయర్ అనే డెంటిన్ పొడి పొర పరుచుకుంటుంది. అది నాళికల నోళ్లని మూసేస్తుంది. ఖనిజాన్ని కరిగించే 17 శాతం ఈడీటీఏ ద్రావణాన్ని ఒక నిమిషం ఉంచితే అది పోతుంది. నాళికల నోళ్లు తెరుచుకుంటేనే రంగు లోపలికి పోతుంది.

ఇక అసలు విషయం. హైపోక్లోరైట్ బ్లీచ్. మిథిలిన్ బ్లూ రంగు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఒక గాజు పలక మీద చూడొచ్చు. ఒక చుక్క రంగు పెట్టి, పక్కనే ఒక చుక్క హైపోక్లోరైట్ పెట్టి రెండిటినీ కలపండి. నీలం వెలిసిపోతుంది. కాలువలోనూ అదే జరుగుతుంది, కాకపోతే మనకి కనపడదు. పైన వేసిన లెక్కే ఇక్కడా పనికొస్తుంది. కాలువ నిండా పెట్టిన రంగు 0.4 మైక్రోగ్రాములు. 3 శాతం హైపోక్లోరైట్ ఒక్క మైక్రోలీటరు మూలన మిగిలినా అందులో 30 మైక్రోగ్రాముల హైపోక్లోరైట్ ఉంటుంది. అంటే రంగు కంటే 75 రెట్లు. గోడమీద తడిగా మిగిలిన హైపోక్లోరైట్ చాలు, రంగు మందుని పెట్టిన చోటే నిర్వీర్యం చేయడానికి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి: హైపోక్లోరైట్, తర్వాత సెలైన్, తర్వాత ఈడీటీఏ, తర్వాత మళ్లీ కనీసం 5 మిల్లీలీటర్ల సెలైన్ లేదా క్రిమిరహిత డిస్టిల్డ్ వాటర్. కాలువకి 5 మిల్లీలీటర్లు, పన్నుకి కాదు. సూది కొనని వర్కింగ్ లెంగ్త్‌కి 1 లేదా 2 మిల్లీమీటర్ల ముందు ఉంచి, పక్కన రంధ్రమున్న సూదితో నెమ్మదిగా వదలండి. పల్ప్ గదిని (కాలువల పైన, పంటి పైభాగంలో ఉండే ఖాళీని) కూడా కడగడం మర్చిపోవద్దు. పైన గదిలో మిగిలిన హైపోక్లోరైటే రంగు పెట్టేటప్పుడు కిందికి జారుతుంది.

ఈ దశలో క్లోర్‌హెక్సిడిన్ అనే ఇంకో క్రిమి సంహారక ద్రావణాన్ని తేవొద్దు. హైపోక్లోరైట్‌తో కలిస్తే గోధుమ రంగు మడ్డి ఏర్పడి, ఇప్పుడే తెరిచిన నాళికల్ని మళ్లీ మూసేస్తుంది.

తర్వాత పేపర్ పాయింట్లతో ఆరబెట్టండి. ఎముకలా ఎండగట్టనక్కర్లేదు. నీళ్లు నిలిచి ఉంటే రంగు పలచబడుతుంది, అది లేకుండా చూసుకుంటే చాలు.

అడుగు 5: రంగు మందు ఎక్కించి ఆగడం

సన్న సూదిని కొన దగ్గరికి పంపి, వెనక్కి లాగుతూ కిందినుంచి పైకి నింపండి. పైనుంచి పోస్తే కొన దగ్గర గాలి బుడగ ఇరుక్కుని, సరిగ్గా కావాల్సిన ఆఖరి 3 మిల్లీమీటర్లకి రంగు అందదు. సూది గోడలకి బిగుసుకోకూడదు, ఒత్తిడితో తోయకూడదు. వేరు కొన దాటి బయటికి పోయిన రంగు వల్ల ప్రయోజనం లేదు.

నింపాక వర్కింగ్ లెంగ్త్‌కి కాస్త తక్కువగా ఒక శుభ్రమైన 10 లేదా 15 సైజు ఫైలుతో మెల్లగా కదిలించండి. మెత్తని అల్ట్రాసోనిక్ కదలిక కూడా మంచిదే. బయోఫిల్మ్ అంటే జిగురులో పాతుకుని కూర్చున్న క్రిముల గుంపు. ఆ జిగురులోకి రంగు ఇంకాలంటే సమయం పడుతుంది. తయారీదారు చెప్పే సమయం సాధారణంగా 1 నుంచి 5 నిమిషాలు. ఒక నిమిషం చాలని రాసి ఉన్నా, పాత ఇన్ఫెక్షన్ ఉన్న కాలువలో నేనైతే 5 నిమిషాల వైపే మొగ్గుతాను. సింగ్లెట్ ఆక్సిజన్ దూరం పోలేదని పైన చెప్పుకున్నాం కదా, క్రిమికి రంగు అంటకముందే కాంతి వేస్తే అది ద్రావణంలోనే పుట్టి ద్రావణంలోనే పోతుంది.

ఈ ఆగే సమయంలో పైనున్న పెద్ద లైటుని పక్కకి తిప్పండి.

సమయం అయ్యాక కాలువలో నిలిచిన రంగుని తీయాలా వద్దా అన్నదానిపై రెండు రకాల పద్ధతులున్నాయి. రంగు చిక్కగా ఉంటే పేపర్ పాయింట్‌తో అదనంగా ఉన్నది పీల్చేసి కాంతి వేయడం నాకు సబబుగా తోస్తుంది. గోడకి, క్రిములకి అంటుకున్నది ఎలాగూ అక్కడే ఉంటుంది, మధ్యలో నిలిచింది మాత్రం కాంతికి అడ్డు. పలచని రంగైతే తీయనక్కర్లేదు.

అడుగు 6: కాంతి వేయడం

ముందు కళ్లు. ఎర్ర లేజర్ నేరుగా రెటీనా దాకా పోతుంది. రోగి, మీరు, సహాయకులు అందరూ ఆ తరంగదైర్ఘ్యానికి తగిన లేజర్ కళ్లద్దాలు పెట్టుకోవాలి. క్యూరింగ్ లైట్‌కి వాడే నారింజ రంగు అద్దాలు పనికిరావు, అవి నీలాన్ని ఆపి ఎరుపుని వదిలేస్తాయి. 810 నానోమీటర్ల కాంతి అసలు కనపడదు కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త, కన్ను దానంతట అది మూసుకోదు. గది తలుపు మూసి, బయట లేజర్ హెచ్చరిక బోర్డు పెట్టండి.

ఫైబర్‌లో రెండు రకాలున్నాయి. చదునుగా కోసిన కొన ఉన్నది కాంతిని ముందుకే పంపుతుంది. డిఫ్యూజర్ ఉన్నది పొడవునా చుట్టూ గోడలమీదకి వెదజల్లుతుంది. కాంతి మోతాదు, అది పడే తీరు ఎంత ముఖ్యమో 2006లో సూకోస్ బృందం చేసిన ప్రయోగం చూపిస్తుంది. మిథిలిన్ బ్లూ పెట్టి 665 నానోమీటర్ల కాంతిని చదరపు సెంటీమీటరుకి 30 జౌళ్లు వేస్తే, మిగతా రకాల క్రిములు పూర్తిగా చచ్చినా ఎంటరోకోకస్ ఫీకాలిస్ 53 శాతమే చచ్చింది. అదే రంగుని అదే గాఢతలో తీసి పళ్ల కాలువల్లో పెంచిన ఆ క్రిమి బయోఫిల్మ్ మీద, డిఫ్యూజర్ ఫైబర్‌తో, 222 జౌళ్ల దాకా పెంచినప్పుడు 97 శాతం చచ్చింది. మొండి క్రిమికి కాంతి ఎక్కువ కావాలి, అది అన్ని వైపులా పడాలి.

కొన్నది చదును ఫైబరే అయితే దాన్ని కదిలించాలి. వర్కింగ్ లెంగ్త్‌కి 1 లేదా 2 మిల్లీమీటర్ల ముందు దాకా పంపి, అక్కణ్నుంచి మెల్లగా సుడి తిప్పుతూ కాలువ నోటిదాకా లాగి, మళ్లీ లోపలికి పంపండి. నిమిషానికి 10 సార్ల చొప్పున సరిపోతుంది. ఫైబర్ మీద రబ్బర్ స్టాపర్ పెట్టి పొడవు ముందే గుర్తుపెట్టుకోండి. వంపు దగ్గర ఫైబర్‌ని బలవంతంగా తొయ్యొద్దు, లోపల విరిగితే తీయడం విరిగిన ఫైలు తీయడమంత పనే.

మోతాదు గురించి కాస్త ఆగి ఆలోచించాలి. 100 మిల్లీవాట్లు 60 సెకన్లు వేస్తే వచ్చేది 6 జౌళ్లు. 200 మైక్రోమీటర్ల ఫైబర్ కొన వైశాల్యంతో దాన్ని భాగిస్తే చదరపు సెంటీమీటరుకి దాదాపు 19,000 జౌళ్లు వస్తాయి. అదే 6 జౌళ్లు 15 మిల్లీమీటర్ల కాలువ గోడంతా సమానంగా పరుచుకున్నాయనుకుని లెక్కవేస్తే వచ్చేది 21 జౌళ్లే. పేపర్లలో అంకెలు అంత దూరదూరంగా ఉండటానికి ఇదో పెద్ద కారణం. కంపెనీ బ్రోషర్‌లో పెద్ద అంకె కనిపిస్తే, అది కొన లెక్కా, గోడ లెక్కా అని అడగండి. క్రిములుండేది గోడ మీద.

నా సలహా: పాత ఇన్ఫెక్షన్ ఉన్న కాలువకి ఒక్క నిమిషంతో సరిపెట్టకుండా, పరికరం అనుమతించే మేరకు 2 నుంచి 3 నిమిషాలు వేయండి. అదీ ఒక్క ఊపున కాకుండా నిమిషానికోసారి ఆపండి. ఇరుకు కాలువలో కరిగి ఉన్న ఆక్సిజన్ కొంచెమే, కాంతి ఆగకుండా పడితే అది త్వరగా ఖర్చయిపోతుంది. మధ్యలో అర నిమిషం ఆపి కాస్త కొత్త రంగు ద్రావణం ఎక్కిస్తే ఆక్సిజన్ మళ్లీ చేరుతుంది. ఒక్కో కాలువకి విడిగా చేయాలి. మోలార్‌లో పైన పల్ప్ గదిలోంచి ఒక్కసారి వెలిగించి నాలుగు కాలువలకీ అయిందనుకోవడం కుదరదు.

పరికరం తెరమీద చూపించే శక్తి ఫైబర్ చివరకి అంతే వస్తోందని నమ్మొద్దు. ఫైబర్ వంగినా, కొన గీసుకుపోయినా సగం పోవచ్చు. పవర్ మీటర్‌తో క్రమం తప్పకుండా కొలవండి. ఒక్కసారి వాడి పారేసే ఫైబర్లని రెండోసారి వాడకండి.

అడుగు 7: రంగు తీసేయడం

ముందు పళ్లలో ఇది నిర్లక్ష్యం చేస్తే కిరీటం (పంటి బయటికి కనిపించే భాగం) నీలంగా కనిపిస్తుంది. అడుగు 4లో మనకి శత్రువైన హైపోక్లోరైట్ ఇక్కడ మిత్రుడు. 2.5 శాతం హైపోక్లోరైట్‌తో కాలువని, గదిని కడిగితే నీలం పోతుంది. ఎక్కువసేపు ఉంచొద్దు, ఈడీటీఏ తర్వాత హైపోక్లోరైట్ చాలాసేపు ఉంటే డెంటిన్ గోడ కోసుకుపోతుంది. తర్వాత సెలైన్. గది గోడల్ని, ముఖ్యంగా ముందు పళ్లలో పల్ప్ హార్న్ అనే కొమ్ముల్లాంటి మూలల్ని, ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, భూతద్దంలోంచి చూసుకోండి.

ఒక ఇబ్బంది ఉంది. హైపోక్లోరైట్ తగిలిన డెంటిన్‌కి రెజిన్ సరిగ్గా అతుక్కోదు. రెజిన్ సీలర్ గానీ, వెంటనే కాంపోజిట్ (పంటి రంగు రెజిన్ ఫిల్లింగ్) గానీ వేయబోతుంటే 10 శాతం సోడియం ఆస్కార్బేట్‌తో కడగడం, లేదా బాండింగ్ కొన్ని రోజులు వాయిదా వేయడం ఆలోచించండి.

అడుగు 8: మూయడం, తర్వాత చూసుకోవడం

నొప్పి, వాపు, ఊట లేకపోతే అదే సిట్టింగ్‌లో గట్టా పర్చా అనే రబ్బరు లాంటి పదార్థం, సీలర్‌తో నింపొచ్చు. అనుమానముంటే కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, పైన తాత్కాలిక ఫిల్లింగ్ కనీసం 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉండేలా వేయండి. కాంతి పనిచేసేది అది వెలుగుతున్నంతసేపే. ఆరిపోయాక కాలువలో దాని ప్రభావం మిగలదు. కారే ఫిల్లింగ్ కింద క్రిములు మళ్లీ చేరుతూనే ఉంటాయి. అందుకే కిరీటం వైపు సీల్ ఆలస్యం చేయొద్దు. పన్నుకి క్యాప్ అవసరమైతే వీలైనంత త్వరగా వేయించమని రోగికి గట్టిగా చెప్పండి.

6 నెలలకి, ఏడాదికి ఎక్స్‌రే తీసి నీడ చిన్నదవుతోందో లేదో చూడండి. ఏడాదికి పూర్తిగా మానకపోతే వెంటనే విఫలమైందనుకోనక్కర్లేదు, పెద్ద నీడలు మానడానికి నాలుగేళ్ల దాకా పట్టొచ్చు. ఆ ఎక్స్‌రే పక్కన కేసు షీటులో రంగు పేరు, గాఢత, ఆగిన సమయం, తరంగదైర్ఘ్యం, ఫైబర్ కొన దగ్గర కొలిచిన శక్తి, ఒక్కో కాలువకి వేసిన సెకన్లు, ఫైబర్ రకం రాసి ఉండాలి. 'లేజర్ చేశాం' అని ఒక్క ముక్క రాస్తే ఏడాది తర్వాత ఆ పన్ను మానిందో లేదో తెలుస్తుంది గానీ, ఎందుకన్నది ఎవరూ చెప్పలేరు.